వింటికి తగిన మాను



 నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగును, సంస్కృతమును చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. చిన్ననాట మా తాతగారి యొద్ద అమరకోశము, కావ్యములు, కొంత వ్యాకరణము చదువుకొంటిని. విల్లు పట్టి వేటాడినవాడను గాను. పందెములందు గురి చూచినవాడను గాను. అయినను నేడు వింటికి తగిన మానును గూర్చి మాటలాడ బూనుకొంటిని. దానికి కారణమును ముందుగా మనవి చేసెదను.

2023వ సంవత్సరమున చైనా దేశమునందలి హాంగ్‌ఝౌ నగరములో జరిగిన ఆసియా క్రీడలయందు విజయవాడ యాడపడుచు వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు బంగారు పతకములు గెలిచినది. ఆ వార్త వచ్చినది మొదలు మా ప్రాంతపు పిల్లలు విల్లు కావలెనని పెద్దలను వేధింపజొచ్చిరి. పందెములలో ఆమె పట్టు విల్లు కప్పీలతోను, లోహముతోను కూడిన యంత్రము వంటిది. దాని వెల సామాన్య గృహస్థునకు అందునది కాదు. కావున తండ్రులు వడ్రంగుల నాశ్రయించిరి. మా పొరుగూరి వడ్రంగి యొకడు ద్వారబంధములకు కోసిన టేకుపలకలో మిగిలిన ముక్కతో చూడముచ్చటైన విల్లు చేసి, మెరుగుపెట్టి యిచ్చెను. విజయదశమినాడు దానికి పసుపుకుంకుమలు పెట్టి పూజించిరి. మూడవనాడు పండ్రెండేండ్ల బాలుడొకడు దానిని చెవిదాక లాగగా, పిడికిటికి జానెడు పైన ఫెళ్లున విరిగి, చీలిక యొకటి వాని కనుబొమను చీల్చెను. కన్ను వ్రేలెడు వాసిలో దక్కినది. వడ్రంగి పనివాడితనమున లోపము లేదు. అతడు మా మండలమంతటను పేరు పొందినవాడు. లోపమంతయు మానులోను, దానిని కోసిన తీరులోను ఉన్నది. పిల్లవాని ముఖమునకు మూరెడు దూరమున వంగి నిలుచు వస్తువు గనుక, ఏ మాను తగును, ఏది తగదు అను విషయము పెద్దలు తెలిసియుండుట మంచిదని తోచినది.

అమరసింహుడు వింటికి ధనువు, చాపము, ధన్వము, శరాసనము, కోదండము, కార్ముకము, ఇష్వాసము అని పేళ్లు చెప్పెను. నడిమి పట్టునకు లస్తకమనియు, కొనలకు అటని, కోటి యనియు, నారికి మౌర్వి, జ్య, శింజిని, గుణము అనియు పేళ్లు. ఇవన్నియు పర్యాయపదములని బాల్యమున వల్లించితిమి. కాని కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణమును చూచినచో, ఈ పేళ్లలో కొన్నిటికి ద్రవ్యభేదము కలదని తెలియును. తాటిమానుతో చేసినది కార్ముకము, వెదురుతో చేసినది కోదండము, కఱ్ఱతో చేసినది ద్రూణము, కొమ్ముతో చేసినది ధనువు అని ఆయన విభాగము. అట్లయినచో శ్రీరాముని కోదండము వెదురు విల్లా యని మీరడుగవచ్చును. కవులు ఆ భేదమును పాటింపలేదు గనుక, ఆ ఊహకు పోవలదు. గాండీవమను పేరునకు మాత్రము, గాండి యనగా కణుపు, అది గలది గాండీవము అని కొందరు వ్యాఖ్యాతలు వ్యుత్పత్తి చెప్పియున్నారు. కణుపులు గలది వెదురే గదా!

అగ్నిపురాణమునందలి ధనుర్వేద భాగమున లోహము, కొమ్ము, దారువు అని వింటికి మూడు ద్రవ్యములు చెప్పి, దారువులలో చందనము, వేతసము, సాలము, కకుభము మున్నగువానిని పేర్కొని, శరదృతువున కోసిన వెదురుతో చేసిన విల్లు శ్రేష్ఠమని చెప్పబడినది. సాలమనగా మన ఉత్తరాంధ్రపు కొండలలో నుండు గుగ్గిలపు చెట్టు. కకుభమనగా ఏటియొడ్డున పెరుగు తెల్లమద్ది. చందనము విషయమున నాకు సందేహము కలదు. అది చిన్నచెట్టు, తిన్ననిదియు, నాలుగు మూరలు గలదియునైన చేవ దానియందు దొరకుట యరుదు. రాజుల వైభవమునకై చేర్చిరేమో యని తోచును. వింటి నిడివి నాలుగు మూరలైన ఉత్తమము, మూడున్నర మధ్యమము, మూడు కనిష్ఠము అని అదే గ్రంథమున కలదు. ఈ కొలత పెద్దవారికి నేటికిని చక్కగా సరిపోవుచున్నది.

ఇక మాను సంగతి. పచ్చిపుల్ల నొకదానిని రెండు చేతుల వంచి చూడుడు. వెలుపలి వైపు బెరడు సాగి సాగి తెగును. లోపలి వైపు ముడుతలు పడి నలుగును. వింటియందును ఇట్లే జరుగును. వేటవైపున కుండు ముఖమును వీపనియు, విలుకాని వైపున కుండు ముఖమును కడుపనియు అందము. వీపు సాగును, కడుపు నలుగును. వీపున నారలు తెగకుండవలెను. కడుపున నలిగి మడత పడకుండవలెను. వంచిన తోడనే మరల నిటారుగా లేవవలెను. ఈ మూడు గుణములును ఒక్క మానునందు కుదురుట కష్టము. మన వంటి ఉష్ణదేశములలో పెరుగు బరువుమానులు నలుగుటకు మిక్కిలి ఓర్చుకొనును. వానిలో కొన్ని నీట వేసిన మునుగును. కాని వీపున వాని నారలు కొననుండి కొనదాక తెగక నడచినప్పుడే ఆ బలము పనికివచ్చును. నార అడ్డముగా తెగినచోట చీలిక పుట్టి, ఒక్క నిమేషములో విల్లు రెండు తునుకలగును.

రంపపు కోతకు నార యొక్క దారి తెలియదు. అది గీత గీసిన చొప్పున పోవును. మానులోని నార ప్రక్కకు వాలి యుండగా, రంపము తిన్నగా పోయినచో, పలక చూపునకు తిన్ననిదే గాని, దానిలోని నారలన్నియు వాలుగా తెగియున్నవన్నమాట. పది యంగుళముల నిడివిలో ఒక యంగుళము వాలినచో వంపును సైచు బలము ఇంచుమించు ఐదవ వంతు తగ్గునని కలప పరీక్షించువారు లెక్క కట్టియున్నారు. హఠాత్తుగా తగులు దెబ్బకు ఓర్చుట అంతకంటెను ఎక్కువగా తగ్గును. పొరుగూరి టేకువిల్లు విరిగిన చోటును నేను పట్టి చూచితిని. నార వీపునుండి కడుపునకు ఏటవాలుగా దిగిపోయి, విరిగిన మొన కలము పాళీవలె నుండెను. కాబట్టి వింటి మానును కోయింపరాదు, చీల్చవలెను. దుంగ కొనన గొడ్డలి నానించి, మేకులు దిగగొట్టి చీల్చినచో, అది తన నార వెంబడియే చీలును. చీలిన ముఖము తిన్నగా వచ్చినచో ఆ మాను వింటికి తగును. మెలిక తిరిగి వచ్చినచో వంటచెఱకునకు తగును. ఎంత బలమైన మానైనను ఈ పరీక్షలో ఓడినచో విడువవలసినదే.

చలిదేశపు చెట్లలో ఏడాది కొక వలయము స్పష్టముగా కనబడును. అక్కడి విండ్లు చేయువారు ఒక్క వలయమును పట్టుకొని, దానిని ఎక్కడను గీరకుండ వీపంతయు చెక్కుదురు. మన చెట్లలో టేకు వంటి కొన్నిటికి తప్ప వలయములు తేటగా కనబడవు. అందువలన మనకు చీల్చుటయే శరణ్యము. చిత్రిక పట్టినపుడు వచ్చు పొట్టును కూడ చూడవలెను. పొడవుగా చుట్ట చుట్టుకొని వచ్చినచో నార తిన్ననిది. పొడిపొడిగా రాలినచో ఆ మాను పెళుసు.

ఏ చెట్టును వెదకవలెనన్న ప్రశ్నకు మీ యిండ్లలోనే సమాధానము కలదు. పూర్వము కావడిబద్దకు ఏ మాను వాడెడివారో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రెండు కుండల నీళ్లు చెరియొక కొన వ్రేలాడగా, అడుగడుగునకు వంగి లేచుచు, ఏండ్ల తరబడి విరుగక వంకర పడక యుండినది కావడిబద్ద. వింటికిని అదియే పని. వెదురు కాక అట్టి పనికి పేరుపొందిన చెట్లలో మొదటిది మన యడవులలో తడ యనియు, చరచి యనియు పిలువబడు చెట్టు. హిందీవారు దీనిని ధామన్ అందురు. పనిముట్ల పిడులకును, బండి నొగలకును వాడుదురు. వైద్యనిఘంటువులు దీనిని ధన్వంగమని చెప్పి, ధనుర్వృక్షమని మారుపేరు పెట్టినవి. ధనుర్వృక్షమనగా వింటిచెట్టు! నిఘంటుకారులు ఔషధగుణములు చెప్పుటకు కూర్చుండియు ఆ చెట్టు పనితనమును పేరులోనే నిలిపిరి. ఆ పేరును చదివినపుడు నాకు కలిగిన సంతోషము ఇంతింత యనరాదు. దీని మాను మరీ బరువు కాదు. వంగుటలోను, లేచుటలోను మన చెట్లలో దీనికి సాటి వచ్చునవి కొలదిగా నున్నవి.

తరువాత చెప్పదగినది చిరుమాను. బండి యిరుసులకు, గొడ్డలి కాములకు ఇది ప్రసిద్ధము. తడకంటె బరువు, గట్టితనము ఎక్కువ, దెబ్బకు ఓర్చును. కాని ఆరునపుడు పగుళ్లు వారుట దీని దుర్గుణము; నీడను మెల్లగా ఆరబెట్టవలెను. చండ్రమాను మిక్కిలి బరువు, మిక్కిలి గట్టి. నాలుగు మూరల తిన్నని చేవ దొరికినచో కడుపునకు మంచిదే గాని, ముళ్లచెట్టు గనుక ముడులు లేని ముక్క దొరకుట కష్టము. తెల్లమద్దిని, గుగ్గిలమును పురాణము మెచ్చుకొనినది. నేను ఆ మాటను త్రోసిపుచ్చను. అయితే ఈ రెండిటి నారలును తరచుగా ఒక పొర కుడికి, ఒక పొర ఎడమకు అల్లుకొనియుండును. దూలమునకు అది మేలు, వింటి వీపునకు కీడు. వందలో నొక దుంగ తిన్నగా చీలవచ్చును. పూర్వులు అట్టిదానినే ఏరి యుందురు.

టేకును గూర్చి రెండు మాటలు చాలును. ద్వారములకు, పెట్టెలకు, ఓడలకు అంతకంటె మేలైన మాను లేదు. ఎండకు వంకర పోదు, చెదలు దరి చేరవు. కాని హఠాత్తుగా వచ్చు వంపునకు అది తాళదు. పిల్లల విండ్లకు పలకటేకు వాడవలదని నా ప్రార్థన.

ఎర్రచందనమును గూర్చి యింకను గట్టిగా చెప్పవలసియున్నది. ముఖ్యముగా కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు ప్రాంతపు కొండలలో సహజముగా పెరుగు చెట్టు అది. 1995వ సంవత్సరము నుండి అంతర్జాతీయపు ఒడంబడికలోని రక్షితజాతుల పట్టికలో నున్నది. దానిని దొంగతనముగా నరికి, మోసి, చెఱసాలల పాలైన కూలివారి కథలు మీరు వినియే యుందురు. ఎర్రచందనపు విల్లు చేసిన బాణము వంద బారలు పోవునని సంతలలో ఎవ్వరైన చెప్పినచో నమ్మవలదు. అది బరువైనదే, కాని దాని నార అలలు అలలుగా నుండును. ఆ యలలు వాద్యములు చేయువారికి ముద్దు, విలుకానికి మోసము.

తాటిమాను వేరు జాతి. అమరములో ఖర్జూరము, తాళి మొదలగువానిని తృణద్రుమములన్నారు, అనగా గడ్డిజాతి చెట్లు. మామిడి, తుమ్మ వంటివానికి చేవ నడుమ నుండును. తాటికి నడుమ బెండు, వెలుపల చేవ. ముదిరిన తాటి మొదటిభాగమున వెలుపలి రెండు మూడంగుళముల మందము నల్లనై, ఇనుమువలె మొద్దుబారి యుండును. దాని నల్లని నారలు అడుగునుండి పైవరకు సన్నని దారములవలె నడచును. వలయములు లేవు, కొమ్మలు లేవు గనుక ముడులును లేవు. ఇట్టి మాను వింటికి యోగ్యమని కౌటిల్యుడు ఎరిగినట్లే, సముద్రముల కావలివారును ఎరుగుదురు. ఫిలిప్పీను దీవుల అడవిజనులును, న్యూగినీ ద్వీపవాసులును నల్లని తాటిజాతి మానులతోనే విండ్లు చేసిరి. దక్షిణ అమెరికాలోని కొన్ని జాతులవారును అంతే.

తాటివిల్లు కోరువారు నిలిచిన చెట్టు నరుకవలసిన పని లేదు. గోదావరి, కృష్ణా మండలములలోను, కోస్తా అంతటను పాత పెంకుటిండ్లు పడగొట్టుచున్నారు. వాని వాసములు చేవదేరిన తాటివే. అరువది డెబ్బది యేండ్లు కప్పు క్రింద ఆరిన వాసము చౌకగా దొరకును. అతిజీర్ణమైనది వింటికి పనికిరాదని ధనుర్వేదము చెప్పినది గదా యని పండితులు ఆక్షేపింపవచ్చును. అక్కడ జీర్ణమనగా చివికినదని నేను అర్థము చేసికొందును. వాసమును నేలపై తట్టినచో కంచువలె మ్రోగవలెను. బొద్దుగా మ్రోగినచో లోపల పురుగు తిన్నదని విడువవలెను. చెక్కునపుడు వెలుపలి నల్లని ముఖమునే వీపుగా నుంచి, లోపలి బెండువైపు తీసివేయవలెను. దాని నారచీలికలు సూదులవలె గ్రుచ్చుకొని లోపలనే విరుగును గనుక, అంచులను గరుకుకాగితముతో గుండ్రముగా రుద్దిన పిదపనే పిల్లల చేతి కీయవలెను.

ఇక వెదురు. నా మాట వినినచో, తొలి విల్లు చేయువారు దీనిని విడిచి మరియొకదానికి పోవలదు. వెదురునకు అమరకోశములో త్వక్సారమని పేరు. చర్మమునందు సారము గలదని యర్థము. వెలుపలి పచ్చని తోలు క్రింద నారలు దట్టముగా కూడియుండి, లోనికి పోవుకొలది పలుచనగును. సాగవలసిన వీపున దట్టపునార, లోపల తేలికయైన మెత్తన. వింటికి కావలసిన ఏర్పాటును ప్రకృతియే చేసి పెట్టినది. కావున వెదురు విల్లు చెక్కువారు వెలుపలి తోలును కత్తితో తాకరాదు. పలుచన చేయవలసినది లోపలివైపు మాత్రమే. కణుపులను చదును చేయవలెనను ఆశతో గీరినచో అక్కడనే విరుగును.

మన యడవులలో ముఖ్యముగా రెండు వెదురులు కలవు. ముళ్లవెదురు లావైనది, గుల్ల పెద్దది; నిచ్చెనలకు, పందిళ్లకు మేలు. సాధనపు వెదురు సన్ననిది, గోడ మందము, మొదట ఇంచుమించు గట్టికఱ్ఱయే. దుడ్డుకఱ్ఱలకు, ఈటెలకు వాడునది యిదియే. వింటికిని ఇదియే తగును. మొదటి యేడాది మొలక నిగనిగలాడుచు, పొరలు అంటుకొనియుండును. అది నీరు, మెత్తన. మూడు నాలుగేండ్లు దాటినదానికి నిగనిగ పోయి, తోలుమీద బూడిద మచ్చలు కనబడును. దానిని కోయవలెను. పూత పూసి బియ్యము రాల్చిన పొదను తాకవలదు. అది చావునకు సిద్ధమైనది, దాని కఱ్ఱ పెళుసు. నల్లమల యంచున నేను పనిచేసిన కాలమున ఒక చెంచు వృద్ధుడు పొదలోనికి పోయి, వెదురును వ్రేళ్లతో తట్టి, చెవి యొగ్గి విని, పదింట ఒకటి కోయుట చూచితిని. కారణ మడుగగా, "పంతులయ్యా, పిల్లకు పెండ్లి చేయరాదు, ముసలిదానికి చేయరాదు" అని నవ్వెను. ధనుర్వేదము అపక్వము, అతిజీర్ణము అని రెండు దోషములుగా చెప్పినది ఆ రెండు మాటలలో ఇమిడినది.

ఆ ధనుర్వేదమున ఇంకొక విచిత్రమైన దోషము కలదు. జ్ఞాతిఘృష్టమైన వెదురు పనికిరాదట. జ్ఞాతులచే రాపిడి పొందినదని యర్థము. పొదలోని వెదుళ్లు ఒకదాని కొకటి జ్ఞాతులు. గాలికి ఊగునపుడు ప్రక్కదానితో రాచుకొని తోలు అరిగిపోవును. అట్టి వింటిని పట్టినవానికి బంధువులతో కలహము వచ్చునని గ్రంథకారుడు ఫలము చెప్పెను. గట్టు తగవులతో న్యాయస్థానముల చుట్టు తిరుగువారి యిండ్లలో విండ్లెన్ని యున్నవో నేనెరుగను. కాని అరిగిన చోట వీపు నార తెగియుండుననుట నిజము. అక్కడ విరుగుననుటయు నిజము. ఫలశ్రుతిని నవ్వుతో విడిచినను, దోషమును విడువరాదు. కాలినదియు, తొలి పడినదియు కూడదనుట స్పష్టమే. కణుపులు మూడు, ఐదు, ఏడు, తొమ్మిది యుండవచ్చును గాని, నాలుగు, ఆరు, ఎనిమిది యుండరాదని నియమము. బేసిసంఖ్య శుభమని మాత్రమే పెక్కురు దీనిని చెప్పుదురు. నాకు వేరొక కారణము తోచుచున్నది. కణుపులు బేసియైనచో ఒక కణుపు సరిగా నడుమ, పిడికిలి క్రింద పడును. పైకొమ్మునకు, క్రిందికొమ్మునకు కణుపులు సమముగా వచ్చును. కణుపుచోట వెదురు తక్కువ వంగును గనుక, రెండు కొమ్ములును ఒకే తీరున వంగుటకు ఇది సులభోపాయము.

శరదృతువున కోయవలెననుట కూడ ఊరక చెప్పినది కాదు. వానకాలమున కొత్త పిలకలు వేయుటకు పొద తన పిండిపదార్థమును వెచ్చించును. వానలు వెనుకబట్టిన పిదప కఱ్ఱలో ఆ పిండి తక్కువగా నుండును. బొక్కలు చేసి పొడి రాల్చు పురుగు ఆ పిండికొరకే వచ్చును. కోసిన వెదురును కొన్ని వారములు చెరువులో ముంచి యుంచుట, వంటింటి అటకమీద పొగ తగులునట్లు పెట్టుట మన పెద్దల యలవాటు. రెండును ఆ పురుగునకు విరుగుడే.

విదేశపు మానులను గూర్చి అడుగువారును కలరు. పట్టణములలో ఇళ్ల నేలలకు, వరండాలకు పరచుటకై దక్షిణ అమెరికానుండి ఇపే యను మాను వచ్చుచున్నది. బ్రెజిలువారు దానిని పౌ డార్కో యందురు. ఆ మాటకు వింటిమాను అనియే యర్థము. మన ధనుర్వృక్షమునకును, దీనికిని సముద్రము లడ్డమున్నను పేరొక్కటే యగుట వింత గదా! అది నీట మునుగునంత బరువు. సన్నని విల్లు చాలును. నేర్పరులు దాని వీపున పలుచని వెదురుబద్దను మంచి జిగురుతో అంటించి, నలుగుట దానికి, సాగుట వెదురునకు పంచియిత్తురు. అది చక్కని యుపాయము. చిరుమానునకును, చండ్రకును, తాటికిని అదే యుపాయము చెల్లును. అట్లుండగా దూరదేశపు మానుకై సొమ్ము వెచ్చించుట నాకు నచ్చదు. పైగా 2024 నవంబరు నుండి ఆ చెట్లును ఎర్రచందనమువలెనే అంతర్జాతీయపు పట్టికలో చేరినవి. క్యూబా దేశపు నిమ్మమాను అనునది యొకప్పుడు అమెరికాలో విండ్లకు ప్రసిద్ధము. మనకు దొరకునది కాదు.

మాను కుదిరిన పిదప తొందర పడరాదు. చీల్చిన బద్దల రెండు కొనలకును మైనము గాని, రంగు గాని, పేడమట్టి గాని పూసి, నీడను గాలి యాడుచోట నెలల తరబడి ఆరనీయవలెను. కొనలనుండి తేమ వేగముగా పోవుటచేతనే పగుళ్లు వచ్చును. పచ్చిమానుతో చేసిన విల్లు విరుగదు గాని, వంగినది వంగినట్లే నిలిచి బలము చచ్చును. చెక్కునపుడు ఒక లెక్క మనసున నుంచుకొనవలెను. వెడల్పు రెట్టింపైనచో విల్లు రెట్టింపు బిగువగును. మందము రెట్టింపైనచో ఎనిమిది రెట్లు బిగువగును. మందములో పదవవంతు పెరిగినను బిగువు మూడవవంతు పెరుగును. కావున మందమును గోటి గీతంత గీతంతగా తీయుచు, మాటిమాటికి కొంచెము వంచి, రెండు కొమ్ములును సమముగా వంగుచున్నవో లేదో గోడ ప్రక్క నిలిపి చూడవలెను. ఒకచోట ఎక్కువ వంగినచో ఆ చోటును విడిచి తక్కిన చోట్ల చెక్కవలెను. బరువుమానుకు సన్నని నిడుపాటి విల్లు, తేలికమానుకు వెడల్పైన విల్లు కుదురును. పదిపండ్రెండేండ్ల పిల్లలకు పదునైదు, ఇరువది పౌనుల లాగుడు చాలును. విల్లు వారు లాగు బారకు రెండింతలకంటె పొడవుండవలెను.

నారికి కౌటిల్యుడు మూర్వ, అర్కము, శణము, వేణువు, స్నాయువు మొదలైనవి చెప్పెను. మౌర్వి యను పేరు మూర్వనుండి వచ్చినదే, మన చాగనార. అర్కము జిల్లేడు, శణము జనుము. జనపనార పేని మైనము పట్టించినది పిల్లలకు చాలును.

రక్షితారణ్యమున అనుమతి లేక చెట్టు నరుకరాదు. 1972వ సంవత్సరపు చట్టము ననుసరించి వన్యప్రాణులను వేటాడుట నేరము. ఈ విండ్లు గురికట్టెలకు, అరటిబోదెలకు మాత్రమే. వెదురు విషయమున కొంత వెసులుబాటు కలదు. 2017లో అటవీ చట్టమును సవరించి, అడవికి వెలుపల పెరుగు వెదురును వృక్షముల లెక్కనుండి తొలగించిరి. చేనిగట్లపై సాధనపు వెదురు పొద నొకదానిని నాటుకొన్నచో ఊరి పిల్లలందరికి సరిపోవును.

బాణము తొడుగక నారిని లాగి విడుచుట పిల్లలకు వేడుక. ఆ విసురంతయు బాణమునకు పోక వింటి కొమ్ములకే తగులును. మంచి విండ్లు సైతము అట్లు విరుగును. ఎండలు ముదిరిన వైశాఖ జ్యేష్ఠములలో మాను మితిమీరి ఆరి పెళుసగును గనుక, ఆ నెలలలో చెవిదాక లాగనీయరాదు. పని ముగిసిన వెంటనే నారి దింపి, విల్లును గోడకు చేర్చక, రెండు మేకులపై పడుకోబెట్టవలెను. ఈ కార్తికమున కోసి, చెరువున ముంచి, అటకపై నారబెట్టిన వెదురు వచ్చే దసరాకు చెక్కుటకు తగియుండును.